అక్క వంటింట్లో తీసిన ఫోటో

గ్లవ్ వేసుకున్న వేలితో ఎంత నొక్కినా ఫోన్ పలకలేదు. పళ్ళతో గ్లవ్ లాగేసి మళ్ళీ నొక్కాను. నిజంగా తీసేయాలా అని అడిగింది. తీసేయమన్నాను. రెండు వందల పైన లైకులు, "థాంక్యూ అక్కా"లు, చేతులు జోడించిన బొమ్మలు, "నోరూరుతోంది" అన్న మాటలు, అన్నీ ఒక్కసారిగా పోయాయి. ఖాళీ అయిన ఆ తెర చూస్తూ పార్కింగ్‌లో మా కారు వెనక, తవ్వి పోసిన మంచుగుట్ట పక్కన నిలబడ్డాను. వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. మా తలుపు పదడుగుల దూరంలోనే ఉంది. కానీ ఆ రోజు మా ఆయన ఇంటి నుంచే పని చేస్తున్నారు. నా మొహం చూస్తే ఏమైందని అడుగుతారు. అడిగితే చెప్పేస్తాను. నా దగ్గర మాట ఆగదు.

అంతకు పావుగంట ముందు పై అంతస్తులో అక్క సోఫా మీద కూర్చుని, అక్క చేయి పట్టుకుని, "ఆ ఫోటో ఎవరు పెట్టారో నేను కనుక్కుంటానక్కా" అని మాటిచ్చి వచ్చాను.

పెట్టింది నేనే.

తీసేశాను కదా, ఇంకెవరికీ తెలియదులే అని ఒక్క నిమిషం ఊపిరి పీల్చుకున్నాను. ఆ నిమిషం కూడా పూర్తి కాకుండానే ఫోన్ టింగుమంది. ప్లేనోలో ఉండే మా తోడికోడలి మెసేజ్. తెరిస్తే అదే ఫోటో. కింద, "మీ నోవైలో ఈవిడ ఎవరో తెలుసా? మా ఫ్రెండ్ వాళ్ళ తమ్ముడు అక్కడికి మారుతున్నాడు. వాడికి భోజనం ఇబ్బంది లేకుండా ఉంటుంది" అని రాసింది. నేను పెట్టిన చోట ఫోటో పోయింది. టెక్సాస్‌లో మాత్రం ఎంచక్కా తిరుగుతోంది. ఇంకా ఎన్ని ఊళ్ళు తిరుగుతోందో నాకేం తెలుసు?

అప్పటికి నేను అమెరికాలో ఈ నోవై ఊరికి వచ్చి రెండేళ్ళు దాటింది. నాది గుంటూరు పక్క. ఇంటర్ రెండో ఏడు ఇంగ్లీష్ పేపర్ రెండుసార్లు తప్పాను, మూడోసారి ఫీజు కట్టేలోపే పెళ్ళి కుదిరింది. మా ఆయన కార్ల కంపెనీలకి సాఫ్ట్‌వేర్ రాస్తారు. నేను ఆయన వీసా మీద వచ్చిన భార్యని. ఆ వీసా మీద ఇక్కడ ఉండొచ్చు, కారు నడపొచ్చు, పిల్లల్ని కనొచ్చు. ఒక్క డాలరు సంపాదించకూడదు. పొద్దున ఎనిమిదింటికి ఆయన వెళ్ళాక సాయంత్రం ఆరింటి దాకా ఇంట్లో నేనూ, హీటర్ చప్పుడూ. మాట్లాడకపోతే నాకు తలనొప్పి వస్తుంది, నిజం. గోడతో ఎంతసేపని మాట్లాడతాను?

అలాంటప్పుడు దొరికింది గ్రూప్. ఈ చుట్టుపక్కల ఉండే పెళ్ళయిన తెలుగు ఆడవాళ్ళ కోసం ఎవరో ఆన్‌లైన్‌లో పెట్టారు. చేర్చుకునే ముందు పెళ్ళిచూపుల్లో లాగా నాలుగు ప్రశ్నలు అడిగేవారు. ఏ ఊరు, ఎప్పుడొచ్చారు, భర్త ఏం చేస్తారు, పిల్లలెందరు. చేరినవాళ్ళు రెండు వేల పైచిలుకు. మొదట్లో చదివి ఊరుకునేదాన్ని. తర్వాత ఒకామె గోంగూర ఎక్కడ దొరుకుతుందని అడిగితే, ఏ దుకాణానికి ఏ వారం వస్తుందో, పొద్దున ఎన్నింటికి వెళితే వాడనిది దొరుకుతుందో రాశాను. నలభై మంది లైక్ కొట్టారు. మా వీధిలో నా పెళ్ళికి కూడా అంతమంది నన్ను మెచ్చుకోలేదు.

అప్పట్నుంచి ఏది దొరికితే అది పెట్టేదాన్ని. కారు అద్దం మీద గడ్డకట్టిన మంచు మీద వేడినీళ్ళు పొయ్యకండి, అద్దం పగులుతుందని. పిల్లల్ని స్కూల్లో చేర్చడానికి ఇండియా నుంచి టీకాల కాగితం మీద డాక్టర్ సంతకం చేయించుకుని రండని. ఏ లైబ్రరీలో మనలాంటి వాళ్ళకి ఊరికే ఇంగ్లీష్ నేర్పుతారో. డ్రైవింగ్ పరీక్ష పెట్టేవాళ్ళలో ఎవరు నెమ్మదిగా మాట్లాడతారో. నాలుగు చోట్ల వెతికి, చదివి, అర్థం కానిది మా ఆయన్ని అడిగి, తెలుగులో మళ్ళీ రాసి పెట్టేదాన్ని. నేను చూడనిది, తిననిది, వెళ్ళనిది పెట్టేదాన్ని కాదు. దానిమీద నాకు గర్వం కూడా ఉండేది. గ్రూప్‌లో ఎవరైనా ఏదైనా అడిగితే ముగ్గురు నలుగురు నా పేరు పెట్టి పిలిచేవారు, "ఆమెనడగండి, ఆమెకి తెలుసు" అని. మా ఆయన నన్ను సమాచార శాఖ మంత్రి అనేవారు. పైకి కోప్పడేదాన్ని గానీ లోపల ఎంత బావుండేదో.

ఇక అక్క. మా పై అంతస్తులో చివరి ఇల్లు. సొంత అక్క కాదు, ఆ మాటకొస్తే చుట్టం కూడా కాదు. గోదావరి జిల్లా మనిషి, నలభై ఏళ్ళుంటాయి. నేనొచ్చిన మొదటి చలికాలం మా ఆయన సోమవారం వెళ్ళి గురువారం వచ్చే ప్రాజెక్ట్‌లో ఉన్నారు. ఒక బుధవారం మంచు తుఫాను వచ్చి కరెంటు పోతే, టార్చ్‌లైట్ పట్టుకుని కిందికి దిగి తలుపు కొట్టి, "ఒక్కదానివే ఎలాగున్నావే పిల్లా, పైకి రా" అని చేయి పట్టుకుని తీసుకుపోయింది. గ్యాస్ పొయ్యి మీద అన్నం, ఉలవచారు. నేను వెక్కి వెక్కి ఏడుస్తూ తిన్నాను. ఎందుకేడుస్తున్నావని కూడా అడగలేదు. ఇంకొంచెం చారు పోసింది.

అక్క ఎంతో కొంత డబ్బు తీసుకుని వంట చేసి ఇచ్చేది. గురువారం, ఆదివారం. ప్లాస్టిక్ డబ్బాల్లో పప్పు, కూర, పచ్చడి, చారు. తీసుకెళ్ళేవాళ్ళు పదిహేను మంది దాకా ఉండేవారు. ఒంటరి కుర్రాళ్ళు, చదువుకునే ఆడపిల్లలు, కొత్తగా కన్న తల్లులు. అక్కది కూడా నా వీసానే. బావగారి గ్రీన్‌కార్డు కాగితాలు ఏడేళ్ళుగా వరసలో ఉన్నాయి. అందుకని అక్క ఒక్క రూలు పెట్టింది. ప్రతి ఒక్కరికీ మొదటి డబ్బా చేతికిస్తూ చెప్పేది.

"నోటితో చెప్పుకోండి, నాకభ్యంతరం లేదు. ఫోన్‌లో మాత్రం ఎక్కించకండే. ఫోటోలూ గీటోలూ వద్దు."

నాకూ చెప్పింది. రెండుసార్లు చెప్పింది, ఎందుకంటే గ్రూప్‌లో తను లేకపోయినా నా సంగతి ఆమెకి తెలుసు.

ఆ ఫోటో తీసింది ఒక గురువారం మధ్యాహ్నం. నేను అక్కకి మూతలు పెడుతున్నాను. బయట మంచు మీద ఎండ పడి వంటింట్లోకి తెల్లటి వెలుగు వస్తోంది. గట్టు మీద వరసగా డబ్బాలు, వంకాయ కొత్తిమీర కారం, పొట్లకాయ పెసరపప్పు, పనసపొట్టు కూర. ఆవిరి లేస్తోంది. అక్క అటు తిరిగి పోపు వేస్తోంది. చటుక్కున తీసేశాను. పెడదామని తీయలేదు, ఒట్టు. అందంగా ఉందని తీశాను. కానీ అక్క ఇటు తిరిగే లోపు ఫోన్ జేబులో పెట్టేసుకున్నాను. అంటే తప్పని నాకు అప్పుడే తెలుసన్నమాట.

ఆ సాయంత్రం గ్రూప్‌లో ఒక కొత్తమ్మాయి రాసింది. మూడో నెల, భర్త వేరే ఊళ్ళో పని, ఏం తిన్నా వాంతి, వండుకుందామని నూనె వాసన చూస్తేనే కడుపులో తిప్పుతోంది, మనింటి వంట చేసి ఇచ్చేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని. కింద అందరూ హోటళ్ళ పేర్లు రాస్తున్నారు. వాంతులయ్యే పిల్లకి బిర్యానీ ఎక్కడ బావుంటుందో చెబుతున్నారు! నా ప్రాణం కొట్టుకులాడింది. ఆ అమ్మాయికి విడిగా మెసేజ్ పెట్టొచ్చు. అక్కని అడిగి, అక్క సరేనంటే నేనే డబ్బా తీసుకెళ్ళి ఇవ్వొచ్చు. అవేవీ నాకు తోచలేదని రాద్దామనుకున్నాను గానీ, తోచాయి. తోచినా, అక్కడ అందరూ చూస్తున్న చోట, అందరికంటే ముందు, సరైన జవాబు నాది కావాలనిపించింది.

"ఏడవకమ్మా, నేను చెప్తాను" అని మొదలుపెట్టాను. అక్క చేతి వంట ఎలా ఉంటుందో రాశాను. ఏ రోజుల్లో ఇస్తుందో రాశాను. ఫోన్ నంబర్ రాశాను. అపార్ట్‌మెంట్ పేరు, బిల్డింగ్ నంబర్, పోస్ట్ డబ్బాల పక్క మెట్లెక్కితే చివరి తలుపు అని రాశాను. దారి తప్పకూడదు కదా! ఫోటో పెట్టాను. అందులో ప్రతి అక్షరం నిజం. అబద్ధం పెట్టి ఉంటే ఇంత బాధ ఉండేది కాదేమో, తప్పు రాశానని దిద్దుకునేదాన్ని. నిజాన్ని ఎలా దిద్దుతాను?

మర్నాడు పొద్దుటికి రెండు వందల లైకులు. ఎంత సంతోషంగా టిఫిన్ తిన్నానో.

మూడు రోజులు గడిచాయి. పైన అక్క ఫోన్ మోగడం మా ఇంట్లోకి వినపడేది. ఎవరెవరో కార్లు తెచ్చి మా మెట్ల ముందు ఆపేవారు. ఒక ముసలాయన పొరపాటున మా తలుపే కొట్టి, "పనసపొట్టు కూర ఇక్కడేనాండీ?" అని అడిగాడు. పైకి చూపించి పంపాను. నా పోస్ట్ కింద ఒకామె ఇంగ్లీష్‌లో రాసింది, డిపెండెంట్ వీసా మీద ఇలా వ్యాపారం చేయొచ్చా, ఎవరైనా రిపోర్ట్ చేస్తే ఏమవుతుంది అని. దాన్ని రెండుసార్లు చదివాను. అయినా తీయలేదు. తీస్తే అందరూ ఎందుకు తీశావని అడుగుతారని తీయలేదు.

వారం తర్వాత శుక్రవారం అక్క పైకి రమ్మని పిలిచింది. వెళ్ళేసరికి బావగారు సోఫా అంచున కూర్చుని ఉన్నారు, ఆఫీస్ బట్టల్లోనే. అక్క ఒక కాగితం నా చేతిలో పెట్టింది.

"తలుపుకి అంటించి పోయారే. చదువు."

అపార్ట్‌మెంట్ ఆఫీస్ కాగితం. నాకు అర్థమైనంత వరకు, మీ ఇంటికి రోజూ బయటి కార్లు వస్తున్నాయని ఫిర్యాదు ఉంది, ఇంట్లో తిండి వ్యాపారం చేయడం నిబంధనలకి విరుద్ధం, వచ్చే నెలతో మీ లీజు అయిపోతోంది, దాన్ని పొడిగించాలా వద్దా మాట్లాడాలి, మంగళవారం పదింటికి రండి అని.

"ఇల్లు పోతే ఇంకో ఇల్లమ్మా," అన్నారు బావగారు. "ఆఫీస్‌లో నా పక్క సీటతను ఫోన్ చూపించి, 'ఇది మీ ఇల్లే కదా సార్, మేడమ్‌గారు బిజినెస్ పెట్టారంటగా' అన్నాడు. నవ్వుతూనే అన్నాడనుకో. నాకు మంచినీళ్ళు దిగలేదు. ఏడేళ్ళ నుంచి ఆ కార్డు కోసం జీతం పెంచమని కూడా అడక్కుండా కూర్చున్నాను."

ఆ ఫోటో ఆయన ఫోన్‌లోకి కూడా వచ్చింది. చూపించారు. ఎవరో నా పోస్ట్‌ని స్క్రీన్‌షాట్ తీసి, నా పేరున్న పై భాగం కత్తిరించి పంపారు. మిగతా అంతా ఉంది, చివరి తలుపుతో సహా.

"ఎవరికి ద్రోహం చేశానే నేను?" అంది అక్క. "నాకు తెలుసులే ఎవరో. ఆ కరీంనగర్ పిల్లే. పోయిన నెల పప్పు డబ్బాకి ఫోటో తీత్తంటే కేకలేశానా, ఆ మంట మనసులో పెట్టుకుంది."

కరీంనగర్ అమ్మాయి ఎదురు బిల్డింగ్‌లో ఉండేది. ఎమ్మెస్ చదువుతోంది. రెండు గదుల ఇంట్లో ఐదుగురు ఆడపిల్లలు, లీజు కాగితం మీద ఇద్దరి పేర్లే. ఈ పిల్ల పేరు లేదు. అక్కకి మంచులో కారు నడపాలంటే భయం. ఈ పిల్లే తన డొక్కు కారులో వారం వారం అక్కని దుకాణానికి తీసుకెళ్ళేది, బియ్యం బస్తా మోసుకుని మెట్లెక్కించేది.

"ఆ అమ్మాయి అట్టాంటిది కాదేమోనక్కా," అన్నాను. అంతవరకే అన్నాను.

"నువ్వు మంచిదానివి గనక నీకందరూ మంచోళ్ళే కనపడతారు. నీకీ ఫోన్ల సంగతులన్నీ తెలుసు కదే, ఎవరు పెట్టారో కనుక్కుందూ."

అక్క నా చేయి పట్టుకుంది. కనుక్కుంటానన్నాను. ఆ తర్వాతే పార్కింగ్‌లో నిలబడి పోస్ట్ తీసేశాను.

సాయంత్రం మా ఆయన లాప్‌టాప్ మూసి, "ఏంటి, మంత్రిగారి శాఖ నుంచి ఇవాళ వార్తలేం లేవా?" అన్నారు. నేను ఏడ్చేశాను. అంతా చెప్పాను. ఆయన మొహంలో నవ్వు మెల్లగా పోయింది.

"ఫోటో మీద నీ పేరుందా?"

"లేదండీ."

"డిలీట్ చేశావా?"

"చేశాను."

"అయితే ఊరుకో. నువ్వు వెళ్ళి నేనే అని చెప్తే ఏమవుద్ది? వాళ్ళ తలనొప్పి తగ్గుద్దా? రేపు ఇది ఎక్కడికైనా పోతే, ప్రచారం చేసింది ఫలానా ఆవిడ అని మన కాగితాల మీదికి కూడా రావచ్చు."

"అట్టా వస్తుందా?"

"రాదని నీకెవరన్నా చెప్పారా?"

ఎవరూ చెప్పలేదు. అదే మా బతుకు ఇక్కడ. ఏ పని చేస్తే ఏమవుతుందో తెలియదు, కాబట్టి ఏ పనీ చేయకుండా ఉంటే మంచిదనుకుంటాం. ఆయన చెడ్డవాడు కాదు. భయస్తుడు. నేనూ ఆ భయాన్ని కప్పుకుని పడుకున్నాను, వెచ్చగానే ఉంది.

శనివారం బట్టలు ఉతుక్కునే గదికి వెళ్ళాను. కరీంనగర్ అమ్మాయి మిషన్ ముందు నిలబడి ఉంది. నన్ను చూడగానే ముక్కు తుడుచుకుంది.

"అక్కా, పైనక్క నాకు తలుపు గూడ తియ్యలే. లోపట్నుంచే 'ఇంక రాకు' అన్నది. నేనేం జేసిన?"

"ఏదో ఫోటో అంటగా," అన్నాను. ఆ 'అంటగా' నా నోట్లోంచి ఎలా వచ్చిందో.

"ఆ, గదే. గా ఫోటో మీ గ్రూప్ల నేను పెట్టిననట, ఎవరో అంటుండ్రు. నేనెట్ల పెడ్త చెప్పు? అండ్ల పెండ్లయినోళ్ళనే తీసుకుంటరు గదా. నాకు పెండ్లెక్కడైంది? నన్నడిగితే ఏమని రాయాలె, మా ఆయన ఇంక పుట్టలేదని రాయాల్నా?" నవ్వబోయింది, నవ్వలేకపోయింది. "మొన్న చలికి నా కారు స్టార్ట్ గాకపోతే పొద్దుగాల బస్సుల పోయి కొత్తిమీర తెచ్చిచ్చిన. కొత్తిమీర కోసం బస్సెక్కినోళ్ళను జూసినవా యాడన్న?"

"ఊరుకో అమ్మా."

"నువ్వొక్క మాట చెప్పరాదు అక్కా. నువ్వు జెప్తె ఇంటదామె. నిన్ను మస్తు నమ్ముతది."

చూస్తానన్నాను. నా బట్టలు ఇంకా అరగంట తిరగాలి మిషన్‌లో. ఆ అరగంటా ఆ పిల్ల పక్కన బల్ల మీద కూర్చుని, ఏవో చదువుల గురించి అడిగాను. మా ఇంట్లో పెరుగన్నం తిని వెళ్ళమన్నాను. వద్దంది. చెప్పడానికి అంతకంటే మంచి చోటు, మంచి సమయం దొరకదు. ఇద్దరమే ఉన్నాం. మిషన్ల చప్పుడు. నేను చెప్పలేదు.

ఆదివారం గ్రూప్ తెరిస్తే నాకొక మెసేజ్ ఉంది. ఆ మూడో నెల అమ్మాయి. "అక్కా, మీ పోస్ట్ చూసి ఆ ఆంటీగారికి ఫోన్ చేశాను. రెండుసార్లు పంపారు. పొట్లకాయ పప్పు, మెంతి మజ్జిగ. నెలన్నర తర్వాత కడుపులో అన్నం నిలిచింది. ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు, బాగున్నారా?" అని. నేను పెట్టినది ఒక మనిషికి నిజంగా ఉపయోగపడింది. ఆ మెసేజ్ పట్టుకుని కాసేపు నాకు నేనే లాయరునయ్యాను, చూశావా మంచే జరిగింది అని. ఆ వాదన అక్క ముందు నిలబడి చెబుతున్నట్టు ఊహించుకుంటే నాకే సిగ్గేసింది. ఆ అమ్మాయికి బాగున్నారని రాశాను. ఆ రోజు ఆదివారమైనా పైనుంచి పోపు వాసన రాలేదు. అక్క వంట ఆపేసింది.

సోమవారం సాయంత్రం అక్క కిందికి దిగి వచ్చింది. మా ఇంటికి ఆమె రావడం తక్కువ. చీర కట్టుకుని, పైన బావగారి పాత జర్కిన్ వేసుకుని, కాగితం చేతిలో పట్టుకుని వచ్చింది. కుర్చీలో కూర్చోలేదు.

"రేపు పదింటికి కదే. మీ బావగారికి మీటింగంట, కుదరదన్నారు. నాకు తోడు వత్తావా?"

"వస్తానక్కా."

"ఏం చెప్పాలో అనుకున్నాను. నేనేమీ వ్యాపారం చేయట్లేదు, నలుగురు పిల్లలకి అన్నం పెడతన్నాను, ఆ ఎదురింటి పిల్ల గిట్టక ఫోటో తీసి ఊరంతా పంపిందని చెప్పేత్తాను. ఇల్లు నంబర్తో సహా చెప్పేత్తాను. అప్పుడు తప్పు నా మీద ఉండదు కదా."

ఆఫీస్‌వాళ్ళు ఆ ఇంటి తలుపు కొడతారు. ఐదు పరుపులు చూస్తారు. కాగితం మీద లేని పేర్లు అడుగుతారు. ఈ చలిలో ఆ పిల్ల పెట్టె సర్దుకుని ఎక్కడికి పోతుంది?

"అక్కా, ఆ పిల్ల పేరు కాగితంలో లేదు. బయటికి పంపేస్తారు."

"నాకు జరిగింది తనకి జరిగితే తెలుత్తుంది." అన్నాక అక్క కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "బియ్యం బస్తా మోసిన పిల్లే అలాగ చేసిందంటే నాకు నిద్ర పట్టట్లేదే. నువ్వేమన్నా కనుక్కున్నావా?"

మా ఆయన లోపలి గదిలోంచి చూస్తున్నారు. నేను ఆయన వైపు చూశాను. అక్క మొహం చూశాను.

"లేదక్కా, ఇంకా తెలియలేదు," అన్నాను.

ఆ ఫోటో పెట్టిన రోజున నేను ఆలోచన లేనిదాన్ని. ఈ మాట అన్న రోజున ఆ సాకు కూడా లేదు. ఎదురుగా నిలబడ్డ మనిషి కళ్ళల్లోకి చూసి, తెలిసి, నిదానంగా చెప్పాను. అక్క నా భుజం మీద తట్టి, "పోనీలే, నువ్వేం చేత్తావు పాపం" అని పైకి వెళ్ళిపోయింది. ఆ తట్టిన చోట ఇప్పటికీ నాకు చేయి పెట్టుకోబుద్ధి కాదు.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి మా ఆయన కారు కదిలాక పైకి వెళ్ళాను. అక్క తలంటుకుని తువ్వాలు చుట్టుకుని తలుపు తీసింది. "ఇంకా రెండు గంటలుంది కదే" అంది.

"అక్కా, ఫోటో పెట్టింది నేనే. మొన్న శుక్రవారం, నిన్న, రెండుసార్లు నీకు అబద్ధం చెప్పాను. ఆ పిల్లకేం తెలియదు."

అక్క నన్ను తిట్టలేదు. "ఆ పిల్లకి తలుపు తియ్యలేదే నేను," అంది, నాతో కాదు. తలుపు మూసింది. గొలుసు పెట్టుకున్న చప్పుడు వినపడింది.

నేను ఇంటికి వెళ్ళలేదు. మెట్ల మీదే కూర్చున్నాను. సిమెంటు మెట్లు, కోటు లోంచి కూడా చలి ఎక్కుతోంది. తొమ్మిదీ ముప్పావుకి అక్క బయటికి వచ్చి, నా పక్క నుంచే దిగి వెళ్ళింది. పిలవలేదు, రావద్దని కూడా అనలేదు. మంచు కరగడానికి ఉప్పు చల్లిన దారిలో ఆమె ముందు, నేను నాలుగడుగులు వెనక. ఆఫీస్ తలుపు ఆమె తీసింది, అది మూసుకునే లోపు నేనూ దూరాను. బల్ల వెనక ఉన్న ఆవిడ మా ఇద్దరినీ చూసి నవ్వి కూర్చోమంది. అక్క కూర్చుంది. నేను కూర్చోలేదు. తెలుగులో ఎన్ని మాటలు వచ్చినా ఆ క్షణంలో నాకు కావలసినవి ఇంగ్లీష్‌వి, అవి నా దగ్గర గుప్పెడే ఉన్నాయి.

మొదటిసారి గొణిగాను. ఆవిడ "సారీ?" అని ముందుకు వంగింది.

"ఫోటో ఐ పుట్," అన్నాను. "ఓన్లీ మీ. నో అదర్ గర్ల్."